లిజేష్ తర్వాతి పేరు

పాలక్కాడ్ జిల్లా గుమాస్తాల ర్యాంక్ లిస్టు ఆ సాయంత్రం ఐదింటికి రద్దయిపోతుంది. మిగిలింది ఒకే ఖాళీ. వరుసలో ముందు లిజేష్, అతని వెనకే ప్రసీత. లిజేష్‌కి ఈలోపు పోలీసు ఉద్యోగం వచ్చి, శిక్షణలో ఉన్నాడు. గుమాస్తా పని తనకు వద్దని అతను రాసిచ్చి, ఆ కాగితం ఐదులోపు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసుకు చేరితే ఉద్యోగం ప్రసీతది. రాసివ్వకుండా ఊరుకుని తర్వాత చేరకపోతే ఇద్దరికీ కాకుండా పోతుంది. ప్రసీతకు మళ్లీ పరీక్ష రాసే వయసు దాటిపోయింది.

పై ర్యాంకు వాళ్ల ఇళ్లకు వెళ్లి ఇలా రాయించుకోవడం మా వైపు మామూలే. పగలంతా బట్టల షాపులో చీరలు మడతపెట్టే ప్రసీత, తోటివాళ్ల కోసం ఎన్ని గుమ్మాలు తొక్కిందో లెక్కలేదు. తన కోసం తొక్కడం ఇదే మొదలు.

పోలీసు శిక్షణ శిబిరం గేటు దగ్గర షంసుద్దీన్ బండి ఆపాడు. ర్యాంకుల వాళ్ల సంఘానికి అతనే కార్యదర్శి. ప్రసీతను చేచీ, అంటే అక్కా అని పిలుస్తాడు.

"పోలీసు శిక్షణ మధ్యలో మానేస్తే ఇంకే పరీక్షా రాయనివ్వరని చెప్పు చేచీ. పిల్లాడు బెదిరి సంతకం పెట్టేస్తాడు."

"చూద్దాంలే."

కాపలా పోలీసు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరికోసం? పెళ్లిచూపులా?"

"వాడికి నా వయసు పిల్లని చూస్తారా సారూ? సంతకం పని."

క్యాంటీన్ బల్ల దగ్గరికి లిజేష్ కుంటుకుంటూ వచ్చాడు. కూర్చోగానే బూటు విప్పాడు. మడమ చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

"చూశావా చేచీ? రాత్రి నిద్ర లేదు, పొద్దున తిట్లు. మా అమ్మతో చెబితే ఏడుస్తుందని చెప్పలేదు."

ప్రసీత కాగితం బల్ల మీద పెట్టింది. అతను పెన్ను తీసుకున్నాడు, మూత తీయలేదు. గోడ గడియారం మూడున్నర దాటింది. ఇక్కడి నుంచి కమిషన్ ఆఫీసుకు గంటకు పైనే.

"రూల్సన్నీ నీకు నోటికొచ్చంటారు. నేనిది మధ్యలో వదిలేస్తే కమిషన్ నన్ను తర్వాతి పరీక్షలు రాయనివ్వదా?"

ప్రసీత చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"చెప్పు చేచీ. నువ్వేం చెబితే అది."

"అలాంటిదేం లేదు. రాజీనామా ఇచ్చి వచ్చేయొచ్చు."

లిజేష్ పెన్ను కింద పెట్టాడు. "అయితే నేను గుమాస్తాగానే చేరతా."

"నిజంగా చేరతావా? ఇద్దరికీ కాకుండా చేయవు కదా?"

"అమ్మ తోడు."

బయట షంసుద్దీన్ బండి స్టార్టు చేసే ఉంచాడు. "ఏదీ కాగితం?"

"చేరతాడట."

"నేను చెప్పమన్నది చెప్పావా?"

"అదే అడిగాడు. లేదన్నాను."

"నీకేమైనా పిచ్చా? ఇంకో పది నిమిషాలు టైముంది, నేను వెళ్తా లోపలికి!"

"వెళ్లకు, షంసూ." ఆమె బండి వెనక కూర్చుంది. "షాపు దగ్గర దింపు. ఓనం పండగ రద్దీ, ఓనరు అరుస్తాడు."

లిజేష్ చేరాడు. ఆ మాట ప్రసీతకు చెప్పింది అతని తల్లే, కొడుకు మొదటి జీతంతో చీర కొనడానికి వచ్చి. రంగు నచ్చింది, ధర నచ్చలేదు.

"కొంచెం తగ్గించవా మోళే?" కూతుర్ని పిలిచినట్టు అడిగింది.

"ఒకటే రేటమ్మా" అంది ప్రసీత.