చాట కింద సముద్రం

కాలు విరిగిందని నన్ను వికారాబాద్ నుంచి తాండూరుకు, కూతురింటికి తెచ్చి వీధి గదిలో పడుకోబెట్టారు. తొడ దాకా కట్టు. కిటికీ తెరిస్తే పక్కన బండలు పాలిష్ చేసే మిషన్ల దుమ్ము, కాబట్టి మూసే ఉండాలి. నడి ఎండాకాలం. నెత్తిమీద ఫ్యాను ఉంది, వేయకూడదు.

వద్దన్నది మనవరాలు. కాలేజీలో మట్టి గురించి చదువుతుంది. సెలవుల్లో మైక్రోస్కోపు అడిగి తెచ్చుకుని నా మంచం పక్కనే టేబుల్ మీద పెట్టింది. సముద్రం దగ్గర గొయ్యి తవ్వితే నల్ల బురద మధ్యలో ఒక ఇసుక పొర కనిపించిందట. ఆ ఇసుకను కడిగి, ఆరబెట్టి, నల్ల పళ్లెంలో పోసుకుని, తడి కుంచె మొనతో గవ్వలు ఏరుతుంది. మామూలు కంటికి ఆనని గవ్వలు.

"ఉప్పురవ్వంత గూడ లెవ్వు. గివేం గవ్వలే?"

"అండ్ల చిన్న జీవులు బతికినయి అమ్మమ్మ. ఒక్కో జాతిది ఒక్కో లోతు. గీ ఇసుకల లోతు నీళ్లవి దొరికితే సునామీ తెచ్చిందని చెప్పొచ్చు. వాగు వరదల అవి రావు."

"తుఫాను తేదా?"

"తుఫాను అల అంత అడుగుకు అందదు."

"మరి ఫ్యానేస్తే ఏమైతది?"

"ఎగిరిపోతయి. ఆ పొరది గీ పళ్లెంలదే మిగిలింది. గొయ్యి తవ్విన కాడ ఇప్పుడు రొయ్యల చెరువు."

"అంటే గవ్వలు పోతే నీ చదువు పాయె, ఉంటే నా పానం పాయె."

ఊరికే పడుకోవడం నాకు చేతకాదు. చాటలో కందిపప్పు పోయించుకుని రాళ్లు ఏరుతుండేదాన్ని. ఆమె ఒక వైపు, నేనొక వైపు. ఇద్దరికీ చెమటే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మన ఇళ్లలో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. నిజంగా పోయిందా అని స్విచ్చులన్నీ నొక్కి చూసి అట్లాగే వదిలేసింది. తల్లి అన్నానికి పిలిస్తే పళ్లెం మీద కాగితం కప్పి వెళ్లింది.

కరెంటు వచ్చింది. ముందు పక్కింటి మిషను మొదలైంది. తర్వాత నా మీద రెక్కలు కదిలాయి. అరిచాను. మిషను మోతలో నా అరుపు నాకే వినబడలేదు. స్విచ్చు తలుపు దగ్గర, నేను మంచంలో. కాగితం ఒక మూల లేచింది.

పప్పంతా పరుపు మీద కుమ్మరించి, చాటను పళ్లెం మీద బోర్లించాను. చాటకు మూడు వైపులే గోడ. నాలుగో వైపు మోచెయ్యి అడ్డం పెట్టాను. సగం ఒళ్లు మంచం బయట, కట్టు కాలు మొద్దులా వెనక. చెయ్యి తీస్తే ఇసుక పోతుంది, తీయకపోతే నేను పడతాను. ఎండాకాలమంతా కోరుకున్న గాలి వీపుకు తగులుతుంటే దాన్నే తిట్టుకుంటూ ఉన్నాను.

ఎంగిలి చెయ్యితో మనవరాలు వచ్చి, ముందు ఫ్యాను ఆర్పింది.

"అమ్మమ్మ, చాట గట్లనే పట్టు, కదలకు!"

"ముందు నన్ను పట్టుకో పోరి! గవ్వలు యాడికి ఉరుకుతయి?"

కూతురు వెనకే వచ్చి నన్ను లేపింది. పరుపు చూసి, "ఒక్క పలుకు కింద పడితే లొల్లి జేస్తవు. ఇయ్యాల చాటెడు పారబోసినవా?" అంది.

అంచున ఉన్న ఇసుక కొంచెం పోయింది. మిగిలినదాని మీద మనవరాలు వంగి కూర్చుంది. పొద్దు వాలాక మైక్రోస్కోపును నా దగ్గరికి జరిపింది.

"ఒక కన్ను మూసి చూడు."

తెల్లగా, చుట్టలా ఉంది. గది పక్కన గది, ఒకదానికంటే ఒకటి పెద్దది. ఇరుకైతే కొత్త గది కట్టుకుంటుందట. దాని పని నయం.

"లోతుదేనా?"

"లోతుదే. ఇంకా ఉన్నయి అమ్మమ్మ. ఒక్కటైతే ఎవరు నమ్ముతరు, గుంపే ఉంది!"

"అయితే ఇగ ఫ్యానెయ్యి."

ఆమె పళ్లెం వైపు చూసింది. "జర ఆగు. ఇంకా సగం ఏరేది ఉంది."

చాట ఒళ్లోకి లాక్కున్నాను. పరుపు మీది పప్పు మళ్లీ ఎత్తుకున్నాం కదా, ఇప్పుడు రాళ్లతో పాటు దూది పోగులు కూడా ఏరాలి.