అగ్రిపీనా వడికిన నూలు

మా తకీలే దీవిలో నూలు వడకడం ఆడవాళ్ల పని, టోపీ అల్లడం మగవాళ్ల పని. పెళ్లి కుదరాలంటే పిల్ల తండ్రి పెళ్లికొడుకు అల్లిన టోపీలో నీళ్లు పోసి చూస్తాడు. చుక్క కారకపోతే పిల్లనిస్తాడు. కారితే మళ్లీ మే నెల దాకా ఆగాల్సిందే, మా పెళ్లిళ్లన్నీ ఆ నెలలోనే. మా అగ్రిపీనా ఎలాంటి మనిషో చెప్పాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

వాళ్ల నాన్న సిప్రియానో నా టోపీని తిరగేసి పట్టుకుని చెంబుడు నీళ్లు పోశాడు. అడుగున ఓ చుక్క ఊరింది. దాని వెనకే ఇంకోటి. చుట్టాలంతా మొహాలు తిప్పుకున్నారు.

"నీళ్లే నిలవని టోపీ పెట్టుకుని సంసారమేం నిలబెడతావురా అబ్బాయ్?" అన్నాడాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు లేచింది అగ్రిపీనా. పెళ్లి మాటల్లో పిల్ల నోరెత్తడం మా వాళ్లలో లేదు.

"నూలు వడికింది నేను నాయనా. పోగు లావుగా తీశాను. అనేదేదో నన్నను."

నూలు లావే, కాదనను. కానీ నా అల్లిక అంతకన్నా వదులు, అది ఆమెకూ తెలుసు. అయినా నలుగురిలో మాట తన మీద వేసుకుంది.

ఆ ఏడాదంతా కదురు ఆమె చెయ్యి వదల్లేదు. గొర్రెల వెంట కొండెక్కుతూ వడికేది, దుంపలు తవ్వడానికి పోతూ వడికేది, నాతో పోట్లాడుతూ కూడా వడికేది. నన్ను మాత్రం వదిలిందా? ఆ నూలుతో నేను కొత్త టోపీ అల్లుతుంటే, అల్లిందంతా వేలితో నొక్కి చూసి, కాస్త వదులుంటే విప్పించేది. ఓసారి విసుగొచ్చి ఇక చాలన్నాను.

"మా నాయన ముందు నువ్వు మళ్లీ తల దించుకుంటే నేను చూళ్లేను," అంది.

ఆ తర్వాత నేను చాలనలేదు.

మే వచ్చింది. ఊరి నడుమ చౌకులో అందరూ చేరారు. సిప్రియానో నీళ్లు పోసి, టోపీ అడుగున అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు. చెయ్యి తడవలేదు. నెగ్గిన టోపీని నీళ్లతో సహా పెళ్లికొడుకు చౌకు చుట్టూ తిప్పాలి, మగవాళ్లంతా భుజం తట్టాలి. ఆ ముచ్చట కోసమే ఏడాదిగా కాచుకుని ఉన్నాను. తీరా చేతికొచ్చాక అడుగు ముందుకు పడలేదు. తీసుకెళ్లి అగ్రిపీనా చేతుల్లో పెట్టాను.

"నువ్వు తిప్పు. సగం నీదే."

ఆడది టోపీ తిప్పడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు. ముసలాళ్లు గొణిగారు. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆమె టోపీని రెండు చేతుల్తో పట్టుకుని, తలెత్తుకుని నడిచింది. నా జన్మలో అంత గర్వపడింది లేదు.

ఆమె రెండడుగులు వేశాక సిప్రియానో కూడా కదిలాడు. కూతురి వెనకాలే చౌకు చుట్టూ తిరుగుతూ, కనబడిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాడు.

"నూలు చూడండి. మా అమ్మాయి నూలు."