నాన్న అడిగే నంబరు

చివరి ఏడాది మా నాన్న నోటి వెంట ఒక నంబరు వచ్చేది. దాన్ని ఇక్కడ రాయను. రాస్తే రాసినందుకు నేనూ, చదివినందుకు మీరూ ఒకే వ్యాన్‌లో వెళ్ళాల్సి రావచ్చు. అంత ప్రమాదమా అంటే నాకూ తెలియదు. తెలుసుకుందామని ఫోన్లో రహస్యాల చట్టం తెరిచాను. కాస్త చదివి, చదివిన ఆనవాళ్ళు చెరిపేసి ఊరుకున్నాను.

ఆయన రక్షణ శాఖ ఆఫీసులో, వైర్‌లెస్ గదిలో పనిచేశారు. అక్కడ ఏం చేసేవారో మాకు తెలియదు. బడిలో ఎవరైనా అడిగితే "మా నాన్న వింటారు" అని చెప్పేవాణ్ణి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఏదీ బయటపెట్టనని సంతకం చేశారట. రిటైరయ్యాక కూడా ఆ సంతకాన్ని పెన్షన్ కంటే జాగ్రత్తగా చూసుకున్నారు. మా అమ్మ స్కూల్ టీచరు. మల్కాజ్‌గిరిలో మా వీధి మొత్తం గుట్టు తెలిసిన మనిషి. సొంత భర్త గుట్టు మాత్రం ఒక్కటీ తెలియకుండానే ఇన్నేళ్ళూ ఆయనకి వండిపెట్టింది.

మతిమరుపు వచ్చాక ఒక్కొక్కటే పోయాయి. నా పేరు పోయింది. పెద్ద నష్టమేం కాదు, మొదట్నుంచీ "ఒరేయ్" అనే పిలిచేవారు. తర్వాత అమ్మ ముఖం పోయింది. నంబరు మిగిలింది. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా ఆ అంకెలు విడివిడిగా పలికి, తల కొంచెం పక్కకు వంచి, జవాబు కోసం ఆగేవారు. జవాబు రాకపోతే ముఖం మారిపోయేది. అమ్మ అన్నం కలిపి తెస్తే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవారు.

"నేనేనండీ. మీ ఇంటావిడని."

ఆ మాటకి ఇంకా బెదిరిపోయి మంచం మూలకి జరిగేవారు.

చొక్కాలు భుజాల మీంచి జారడం మొదలైంది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు. ఈ సంగతి విని మా చర్చి సంఘం వాళ్ళు ప్రార్థనకు వచ్చారు. పాస్టరు అయ్యగారు గడప దాటగానే నాన్న నంబరు చెప్పారు. పాటల్ని నంబర్లతోనే పిలిచే మావాళ్ళకి నంబరు వినబడితే చేతులు ఆగవు. అందరూ పాటల పుస్తకాలు తెరిచారు. నంబరు కొంచెం పొడుగ్గా ఉందని ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి అంకెలతోనే పాట దొరికింది. సమాధి కూడికల్లో, మనిషిని మట్టిలో పెట్టేటప్పుడు, పాడే పాట. (ఏ పాటో కూడా చెప్పను. చెప్తే సగం నంబరు చెప్పినట్టే.) "తన పాట తనే ఎంచుకున్నారు, ఎంత విశ్వాసం!" అని ఒక ఆంటీ కళ్ళు తుడుచుకుంది. చరణాలన్నీ పాడారు. నాన్న గోడకు అంటుకుపోయి, శత్రువులు ఇంతమంది వస్తారనుకోలేదన్నట్టు చూస్తూ ఉండిపోయారు.

నాన్నతో అదే గదిలో పనిచేసిన ఒకాయన్ని చివరికి అమ్మే వెతికి పట్టుకుంది. ఆయన బోయిన్‌పల్లిలో ఉంటారు. చేతికర్రతో, మా అవసరానికి చాలా మించిన వంకాయలతో ఆటో దిగారు. టీ తాగుతుండగా ఆయనకి ఆ నంబరు చెప్పాను. నేను దాన్ని పైకి పలకడం అదే మొదలు. కప్పు కింద పెట్టేశారు.

"నువ్వెందుకు చెప్తున్నవ్ బిడ్డా అది?"

"నాన్న అడుగుతున్నారంకుల్. దానికి జవాబేంటి?"

"చెప్పరాదు."

"ఎప్పటిదో కదా. ఇప్పుడు దాంతో ఎవరేం చేస్తారు?"

"ఏం జెయ్యరు. దాంతోని మా ఇంటి గేటు సుత తెరుచుకోదు. కానీ సంతకం పెట్టిన గదా."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ అంది: "అన్నయ్యగారూ, ఆయన నా చేతి అన్నం తినట్లేదు. గొట్టం వేస్తామంటున్నారు. మీ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి, ఆయన్ని మాత్రం తిననివ్వండి."

ఆయన కర్ర పిడి నిమురుతూ గొంతు తగ్గించారు.

"మా కాడ రూల్ ఏందంటే వదినా, ఇవతలోడు నంబరు అడగాలె, అవతలోడు జవాబు నంబరు చెప్పాలె. చెప్తేనే మనోడు. లేకుంటే వానికి సందేశం ఇయ్యొద్దు. ఒకనాడు అన్న అడిగిండు. ఇదే నంబరు. అవతలోడు పరేషాన్ల ఉన్నడు, జవాబు యాదికొస్తలేదు. 'నేనే సార్, నేనే సార్' అంటుండు. దుష్మన్ సుత గట్లనే అంటడు గదా. అన్న సందేశం ఇయ్యలే."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతది అడగకు." కర్ర ఊతంగా లేచారు. "వాడు మనోడే."

అంకుల్ అన్నం కంచం తీసుకుని నాన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అది ప్లైవుడ్ తలుపు. రహస్యాల చట్టం రాసినవాళ్ళు ప్లైవుడ్‌ని ఊహించి ఉండరు. నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా దానికి చెరోపక్కా నిలబడ్డాం. నాన్న నంబరు వినిపించింది. తర్వాత అంకుల్ గొంతులో ఇంకో నంబరు. ఆ తర్వాత నాన్న, ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో, "ఇంత ఆలస్యమా?" అన్నారు.

"అయింది అన్నా," అన్నారు ఆయన.

కంచం ఖాళీగా బయటికొచ్చింది. ఆటో ఎక్కబోతూ అంకుల్ అమ్మ వైపు చూశారు.

"రోజూ వద్దామంటే మోకాళ్ళ తక్లీఫ్ ఉంది వదినా. మీరేం ఇనలే గదా?"

"నాకు చెవులు అంత బాగా వినబడవండీ."

"మంచిది. ఊరికే చెప్తున్న... గా జవాబుకు ముందు గాని ఎన్క గాని ఏం కలపొద్దు. అండీ గిండీ అస్సలొద్దు. అంకె తర్వాత అంకె, జెర నిమ్మళంగ."

మర్నాడు మధ్యాహ్నం అమ్మ పప్పన్నం కలుపుకుని లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. నాన్న అడిగారు. జీవితంలో ఎర్రలైటు కూడా దాటని మా అమ్మ, హాజరు పిలిచే గొంతుతో, అంకె తర్వాత అంకె చెప్పేసింది.

నాన్న చెయ్యి కంచం మీంచి తీసేశారు. మొదటి ముద్ద తిన్నారు, రెండోది తిన్నారు. తర్వాత చుట్టూ చూసి, ఆమెకి మాత్రమే వినబడేలా వంగారు.

"మా ఇంటావిడకి కబురు పంపించావా, ఇవాళ ఆలస్యమవుతుందని?"

"పంపించాను. కంగారేం లేదంది."

"కంగారు పడుతుంది. ఆవిడ సంగతి నీకు తెలీదు."

అమ్మ ఇంకో ముద్ద కలిపింది.

"నిజమే, తెలీదు," అని, ఆయన నోటికి అందించింది.