నిజం చెప్పడానికి గచ్చిబౌలి వెళ్లొచ్చాను

మా మేనకోడలు శ్రావణి ఐదేళ్లుగా చేస్తున్న పీహెచ్‌డీకి ఆఖరి పరీక్ష, ఓపెన్ వైవా. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చట. "రా మామయ్యా, కానీ నోరు తెరవకు," అని ముందే చెప్పింది. మాటల్లో కోతల్ని పసిగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆమె పరిశోధన. దానికి తర్ఫీదు ఇవ్వడానికి రెండేళ్లపాటు నా కబుర్లే రికార్డు చేసుకుంది.

ఉదయం ఎనిమిదింటికి నేనూ మా ఆవిడా నిజాంపేటలో షేర్ ఆటో ఎక్కాం. ముగ్గురి సీట్లో ఐదోవాణ్ని నేను. "జర సదురుకోండ్రి సార్, ఇదేమన్న విమానమా?" అన్నాడు డ్రైవరు. మెయిన్ రోడ్డు మీద గచ్చిబౌలి బస్సు దొరికింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపించి మా ఆవిడ జీరో టికెట్టు తీసుకుంది, నాకు ముప్పై. కొత్తగూడ సిగ్నల్ దగ్గర బస్సు ఎంతసేపు ఆగిందంటే, నున్నగా గీసుకుని ఎక్కిన పక్కాయనకు గడ్డం మొలిచింది.

పదిన్నరకి హాల్లో కూర్చున్నాం. శ్రావణి నలభై నిమిషాలు తడబడకుండా చెప్పింది. అప్పుడు, వేరే యూనివర్సిటీ నుంచి పరీక్షించడానికి వచ్చిన మేడమ్ లేచింది.

"ఈ ఉదాహరణలన్నీ నువ్వు ఏరుకొచ్చినవే గదమ్మా. ఈడ కూసున్నోళ్లల్ల ఎవరన్న ఒక నిజం చెప్పుండ్రి. మెషీన్ ఏమంటదో చూద్దాం."

అందరూ ఫోన్లలోకి తలలు దించేశారు. నేను లేచాను. మా ఆవిడ చొక్కా పట్టుకు లాగింది. ఆగితే కదా!

"పోయిన నెల మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మూడు గంటలు ఇరుక్కున్నానండి. ఒంటరిగా, చీకట్లో. ఆఖరికి చేతుల్తో తలుపు విడదీసుకుని బయటపడ్డాను."

తెర మీద ఎర్రగా పడింది: కోత.

మేడమ్ పెన్ను తీసింది. "మీరు చెప్పింది నిజమే గద సార్? నిజమైతే మెషీన్ తప్పు. ఈ అమ్మాయి ఇంకో ఏడాది పని చెయ్యాలె."

ఆ కథ విని మా ఆవిడ వారం రోజులు నా భుజాలకు నూనె రాసింది. ఆమె పక్కనే కూర్చుని ఉంది. అటు చూడకుండా చెప్పాను.

"మూడు గంటలు కాదండి. నాలుగు నిమిషాలు."

"ఒక్కరేనా?"

"ఎదురు ఫ్లాటు ఆవిడ కూడా ఉంది. అలారం నొక్కింది ఆవిడే."

"మరి మీరేం జేసిండ్రు?"

"ఏడ్చానండి."

తెర పచ్చబడింది: నిజం. హాలు గొల్లుమంది. మేడమ్ పెన్ను మూసేసి, "నాకింక ప్రశ్నల్లేవు, డాక్టర్ శ్రావణీ," అంది.

బయట సమోసాల దగ్గర కొత్త డాక్టరు నన్ను పట్టుకుంది. "నిజం చెప్పమన్నా కోతేనా మామయ్యా?"

"నిజమే చెబుదామని లేచానమ్మా. నోరు తిరగలేదు."

రెండింటికి తిరుగు బస్సు. ఈ దారిన వెళ్లదలచినవారికి చెబుతున్నాను: సీట్లు దొరుకుతాయి, సమోసాలు వేడిగా ఉంటాయి. నిజమొక్కటే ఇంటి దగ్గర నాలుగుసార్లు చెప్పి చూసుకుని బయల్దేరండి.

"నిజంగా ఏడ్చారా?" అంది మా ఆవిడ బస్సు కదిలాక.

"ఊఁ."

"నాకు చెప్పలేదేం?"

"నవ్వుతావని."

"ఛ, నేనెందుకు నవ్వుతానండీ," అని కిటికీ వైపు తిరిగింది. కొండాపూర్ దాకా నిజంగానే నవ్వలేదు. అది దాటాక నిజాంపేటలో దిగేదాకా ఆపలేదు.