ఆ ఒక్క టైలు వెచ్చగా ఉంది

దయ్యాల కథలు చెప్పేవాళ్ల పక్కన కూర్చుని పకోడీలు తిన్నానే గానీ, ఒక్క కథనైనా నమ్మిన పాపాన పోలేదు. కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. హాస్టల్ మూడో అంతస్తు బాత్రూంలో ఎవరో ఏడుస్తున్నారని అమ్మాయిలంతా వణుకుతుంటే, టార్చి పట్టుకుని వెళ్లి, కారుతున్న కుళాయికి వాషర్ మార్చి వచ్చినదాన్ని. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మేం ఇల్లు కొనుక్కుని అప్పటికి నాలుగు నెలలు. మేమంటే నేనూ, మా ఆయన శ్రీకరూ. శ్రీకర్‌ది కరీంనగర్. ఆఫీసులో ఎంత పెద్ద సమస్యనైనా చిటికెలో తేలుస్తాడు గానీ, ఇంట్లో బల్బు మార్చాలంటే నన్నే పిలుస్తాడు. స్క్రూడ్రైవర్లు, డ్రిల్లు, మీటరు అన్నీ నావే.

ఇల్లు చూపించిన రోజు ఏజెంటు, పై బాత్రూంలో నేల కింద హీటింగ్ ఉందని గొప్పగా చెప్పింది. టైళ్ల కింద కరెంటుతో వేడెక్కే తీగల చాప ఒకటి పరిచి ఉంటుంది. గోడ మీది థర్మోస్టాట్‌లో మనకు కావలసిన వేడి పెట్టుకుంటే, చలికాలంలో కూడా చెప్పుల్లేకుండా నడవచ్చు. తీరా దిగాక చూస్తే థర్మోస్టాట్ ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ ప్లేటు ఉంది. పాత ఓనర్లను అడిగిస్తే, తాము కొన్నప్పటి నుంచీ అది అలాగే ఉందని కబురు చేశారు.

ఆ బాత్రూం సరిగ్గా గరాజ్ మీద ఉంటుంది. డిసెంబర్ వచ్చేసరికి పొద్దున్నే ఆ టైళ్ల మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమనేది. శ్రీకర్ రెండు జతల సాక్సులు వేసుకుని పళ్లు తోముకునేవాడు. ఇలా కాదని కొత్త థర్మోస్టాట్ ఆర్డర్ చేశాను.

శనివారం పొద్దున తలంటుకుని, తడి జుట్టుకు టవల్ చుట్టుకుని, పదకొండింటికి పని మొదలుపెట్టాను. బిగించడం తర్వాత. ఆ రోజు చేయాల్సింది ఏర్పాట్లే. కరెంటు ఆపాలి, ప్లేటు విప్పాలి, ఏ వైరు ఎక్కడిదో చూసుకోవాలి, తీగల చాప బాగుందో లేదో మీటరుతో కొలవాలి.

గరాజ్‌లోని కరెంటు ప్యానెల్‌లో ఎవరో పెన్సిల్‌తో ‘బాత్ ఫ్లోర్’ అని రాసిన బ్రేకర్ ఆఫ్ చేసి పైకి వచ్చాను. ప్లేటు విప్పితే లోపల ప్యానెల్ నుంచి వచ్చే వైర్లు రెండు, నేలలోకి వెళ్లే వైర్లు రెండు, నేల ఎంత వేడెక్కిందో చెప్పే సన్నటి సెన్సర్ వైరు ఒకటి. అన్నిటి కొసలకూ ప్లాస్టిక్ టోపీలు తొడిగి ఉన్నాయి. టెస్టర్ దగ్గర పెట్టాను. కరెంటుంటే అది కీచుమని అరుస్తుంది. అరవలేదు.

మొదటి టోపీ విప్పడానికి కుడిచెయ్యి చాపాను. ముందుకు వంగాను కాబట్టి ఎడమ అరచెయ్యి నేల మీద ఆనించాను.

ఆ టైలు వెచ్చగా ఉంది.

వేడి కాదు, వెచ్చదనం. అప్పుడే ఎవరో కూర్చుని లేచి వెళ్లిన కుర్చీలా. చెయ్యి పక్క టైలు మీదికి జరిపాను. మంచుగడ్డ. ఇటుపక్కదీ అంతే. మధ్యలో ఆ ఒక్కటే. కుడిచెయ్యి వెనక్కి తీసుకుని శ్రీకర్‌ని పిలిచాను.

వచ్చి, సాక్సులు విప్పి, పాదం ఆనించాడు. “ఏందిది, ఇంత వెచ్చగుంది? అప్పుడే పని చేస్తుందా?”

“ఇంకా ఏమీ కలపలేదు. కరెంటు కూడా ఆపేశాను. ఇది వెచ్చగా ఉండకూడదు.”

“ఉండకూడదంటే ఏంది, ఉంది కదా! నువ్వు ముందు ఆ వైర్ల కాడి నుంచి జరుగు.”

నాకు చేత్తో ముట్టుకుని చెప్పడం మీద నమ్మకం లేదు. కిందికి వెళ్లి, దోసె పెనం కాగిందో లేదో చూసుకునే థర్మామీటర్ తెచ్చాను. టైలు మీద ఎర్ర చుక్క పడితే చాలు, ఫారెన్‌హీట్ డిగ్రీల్లో వేడి చూపిస్తుంది. చుట్టూ ఉన్న టైళ్లన్నీ అరవై ఒకటి. ఆ ఒక్కటి ఎనభై నాలుగు. శ్రీకర్, ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెడదామని సరదాగా ఆ అంకె కనబడేలా ఫొటో తీశాడు. ఎండ పడిందా అంటే కిటికీ ఉత్తరం వైపుంది, బయట మబ్బు. వేడినీళ్ల పైపు ఆ మూలకు రాదు. కింద ఉన్నది చల్లటి గరాజ్.

నేల వెచ్చబడిందంటే ఎక్కడి నుంచో కరెంటు వస్తూ ఉండాలి. అలా ఆలోచించాకే టెస్టర్ మీద అనుమానం వచ్చింది. బెడ్‌రూంలో ఫోన్ ఛార్జ్ అవుతున్న ప్లగ్గు దగ్గర పెట్టి చూశాను. అక్కడా అరవలేదు.

బ్యాటరీ అయిపోయింది. పని మొదలుపెట్టే ముందు చేయాల్సిన మొట్టమొదటి పరీక్ష అది. నేను మర్చిపోయాను.

టీవీ రిమోట్‌లోని బ్యాటరీలు తీసి వేసి, బాత్రూంలో ఆ వైర్ల దగ్గర పెట్టాను. టెస్టర్ గొంతు చించుకుంది. రెండొందల నలభై వోల్టులు. తడి జుట్టు, ఒట్టి పాదాలు. ఇంకో రెండు సెకన్లలో ఆ టోపీ తీసి రాగి తీగ పట్టుకుని ఉండేదాన్ని. బెడ్‌రూంలోకి వెళ్లి మంచం మీద కూర్చున్నాను. శ్రీకర్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

కాసేపటికి తేరుకుని అసలు బ్రేకర్ కోసం వేట మొదలుపెట్టాం. శ్రీకర్ గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని, చెయ్యంత దూరం చాపి టెస్టర్ పట్టుకున్నాడు. నేను గరాజ్‌లో ఒక్కో బ్రేకర్ ఆపుతూ కింది నుంచి అరిచాను.

“ఇప్పుడు?”

“ఇంకా మొత్తుకుంటనే ఉంది!”

ఫ్రిజ్ ఆగింది. డ్రైయర్ ఆగింది. “వైఫై పోయింది!” అని ఆర్తనాదం వినిపించింది. నా ప్రాణం పోబోయిందని తెలిసినప్పుడు కూడా శ్రీకర్ అంత గట్టిగా అరవలేదు. చివరికి ‘గరాజ్ స్పేర్’ అని రాసినదాన్ని ఆపితే పైన చప్పుడు ఆగిపోయింది. ఎవరో వైర్లు మార్చారు, పేర్లు మార్చలేదు.

ఈసారి మీటరుతో కూడా రెండుసార్లు చూసుకుని టోపీలు తీశాను. నేలలోకి వెళ్లే వైర్ల కొసలు వెలుగులోకి వంచి చూశాను. వాటి మీద ఫ్యాక్టరీ తొడుగు ఇంకా ఉంది. కొస ఎవరూ ఒలవలేదు. ఆ తీగల్ని ఎవరూ ఎప్పుడూ కరెంటుకు కలపలేదు. ఆ నేల కట్టిన నాటి నుంచి ఒక్కరోజు కూడా వేడెక్కలేదు.

టైలు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. థర్మామీటర్ పెట్టాను. అరవై ఒకటి.

ఆ ప్యానెల్ మీద నమ్మకం పోయి, తర్వాతి వారం ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. పేరు రే, తెల్లగడ్డం పెద్దాయన. తన మెషీన్ పెట్టి తీగల చాప అంతా పరీక్షించాడు. ఎక్కడా తెగలేదు, ఎక్కడా కరెంటు లీకయ్యే అవకాశం లేదన్నాడు. జరిగింది చెప్పాను. “చల్లటి చేతికి ఏదైనా వెచ్చగానే ఉంటుందమ్మా” అని నవ్వాడు. శ్రీకర్ ఫొటో చూపించాడు. రే రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

“నా రిపోర్టు ఫారంలో దీన్ని రాయడానికి గడి లేదు” అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. తర్వాత ప్యానెల్‌లో పాత రాతలన్నీ తుడిచి, కొత్త పేర్లు రాసి వెళ్లాడు.

థర్మోస్టాట్ నేనే బిగించాను. మొదటి పొద్దున శ్రీకర్ ఒట్టికాళ్లతో బాత్రూంలో తీన్మార్ వేశాడు. ఆ ఆదివారం భోజనానికి పిలిచిన స్నేహితులు బిర్యానీ చల్లారిపోతుందన్నా వినకుండా, ప్లేట్లతో సహా పైకి వెళ్లి బాత్రూంలో నిలబడ్డారు. శ్రీకర్ మాత్రం ఆ టైలు మీద కాలు పెట్టేటప్పుడు ఇప్పటికీ “థాంక్స్ అన్నా” అంటాడు. అన్నే ఎందుకయ్యాడని అడిగితే, “అక్కనేమో, నాకేం తెల్వది” అంటాడు.

మే నెలలో హీటింగ్ ఆపేశాక, పది రోజులు రోజూ పదకొండింటికి అన్ని టైళ్ల వేడీ కొలిచి ఎక్సెల్‌లో రాసుకున్నాను. ఆ టైలుకూ మిగతావాటికీ తేడా ఏమీ లేదు. నాకు తెలిసిన ఎలక్ట్రికల్ శాస్త్రమంతా వెతికాను. కారణం దొరకలేదు.

ఆ శనివారం నా ఎడమచెయ్యి ఒక్క అడుగు అటుగా ఆనించి ఉంటే చల్లగానే తగిలేది. అప్పుడేం జరిగేదో నాకు బాగా తెలుసు. ఎందుకు జరగలేదో మాత్రం ఈ రోజుకీ తెలియదు.