జీపు నిండేలోగా మూడు ముక్కలు

చింతపల్లిలో ఆ రోజుల్లో మేము పొద్దును గడియారంతో కాదు, జీపులతో కొలిచేవాళ్లం. నర్సీపట్నం దిగే జీపు ఎన్నింటికి బయల్దేరుతుందని అడిగితే డ్రైవరు చేతి వాచీ వైపు చూసేవాడు కాదు, వెనక సీట్లో తలలు లెక్కపెట్టేవాడు. లోపల పదిహేనుమంది కుక్కుకుని, పైన నలుగురు కూర్చుని, వెనక ఇద్దరు వేలాడితేనే టైమైనట్టు. అందుకు ఇరవై నిమిషాలు పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. ఎదురుచూసే ఆ జనం అంతా జీపుల స్టాండు పక్కన మా పిన్ని టీ కొట్టులో బెంచీల మీద కూర్చునేవారు. ఆ బెంచీల మీదే నా వృత్తి పుట్టింది. ఇప్పుడు విశాఖపట్నంలో నా గది తలుపు మీద ‘టారో కార్డులు చూడబడును’ అన్న బోర్డూ, దాని కింద నా రుసుమూ చూసుకున్నప్పుడల్లా, ఆ రుసుము అనే మాట మొదటిసారి నోటివెంట రావడానికి నేను పడ్డ అవస్థ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

అప్పటికి డిగ్రీ పాసై ఇంట్లో కూర్చుని ఏడాది దాటింది. నాకు మనుషులతో మాట్లాడాలంటే ప్రాణం పోయేది. కొట్టుకి వెళ్తే సబ్బు కావాలని అడగలేక చీటీ రాసి ఇచ్చి వచ్చేదాన్ని. (కొట్టాయన నన్ను మూగపిల్లననుకుని చాలాకాలం చిల్లర వేళ్లతో సైగ చేసి మరీ ఇచ్చాడు. పాపం, ఆయన భ్రమ పోగొట్టాలన్నా మాట్లాడాలి కదా!) నా మాటలన్నీ డైరీకే. కాలేజీ రోజుల్లో విశాఖపట్నం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే చిరిగిన పెట్టెలో జోస్యం చెప్పే టారో కార్డుల కట్ట ఒకటి దొరికింది. రంగురంగుల బొమ్మలు, వెంట చిన్న ఇంగ్లీషు పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో బొమ్మ అర్థం డైరీలో రాసుకున్నాను. డెబ్భై ఎనిమిది ఉండాల్సిన కార్డులు డెబ్భై ఏడే ఉన్నాయని తెలియడానికి మూడు నెలలు పట్టింది. పోయింది సూర్యుడు. ఎవరిదో శుభలేఖ కత్తిరించి, దాని వెనక నేనే సూర్యుణ్ణి గీసి పసుపు రంగు వేశాను. ఆ కార్డు మిగతావాటికన్నా మందంగా ఉండేది. కట్టలో ఎక్కడుందో నా వేళ్లకి తెలిసిపోయేది. (ఆ సంగతి ఒక్కసారి కూడా వాడుకోలేదు. సరే, రెండుసార్లు.)

మా నాన్న ఊళ్లో ఒక ఆఫీసులో గుమస్తా. ఆయనకి ముక్కలంటే పేకముక్కలే. నా కట్ట చూసి మొదట నిర్ఘాంతపోయి, తర్వాత పక్కింటివాళ్లకి వినపడకుండా తిట్టి, చివరికి ఒక గడువు పెట్టారు. “కాఫీ పళ్ల కోత అయ్యేదాకా చూత్తానమ్మా. ఈలోగా ఎవరైనా ఒక్కరు, మన చుట్టం కానోళ్లు, దీనికి రూపాయి ఇచ్చి చెప్పించుకుంటే సరే. లేదంటే అవి పొయ్యిలోకి, నువ్వు నర్సీపట్నంలో మీ మావయ్య ఎరువుల కొట్లోకి. చీటీలు రాయడం నీకు బాగానే వచ్చుగా!” నా సబ్బు చీటీల సంగతి ఆయనకి తెలుసునన్నమాట. ఎరువుల కొట్టు వాసన నాకు అస్సలు పడేది కాదు. అంతకన్నా, ఆ కార్డులు ముందు పెట్టుకుంటే చాలు, కొత్తవాళ్లతో కూడా నా గొంతు పెగిలేది. పొయ్యిలోకి పోయేది ఆ గొంతే.

పిన్ని కొట్లో మూల బెంచీ నాది. పుస్తకంలో పది కార్డుల పద్ధతి ఉంది కానీ, పది తిరగేసేలోగా జీపు నిండిపోయేది. అందుకని మూడుకి కుదించాను. జరిగింది ఒకటి, జరుగుతున్నది ఒకటి, జరగబోయేది ఒకటి. జనం బాగానే వచ్చేవారు. తలకిందులుగా వేలాడే మనిషి బొమ్మ చూసి “ఏటే గుంటా, ఈడు గబ్బిలంలాగా ఏలాడతన్నాడు, ఏటి సేసేడు?” అని పకపకా నవ్వేవారు. ఆఖర్న రుసుము చెప్పాలని ఇంట్లో అద్దం ముందు “ఇరవై రూపాయలండి” అని వందసార్లు అని చూసుకునేదాన్ని. అద్దంలో అమ్మాయి భేషుగ్గా చెప్పేది. తీరా బెంచీ మీద మూడో కార్డు తిరగేయబోతుండగా “ఇంక ఇద్దరే! బేగి ఎక్కండి, బేగి!” అని డ్రైవరు అరిచేవాడు. అంతే, నా ఎదుటి మనిషి గోనెసంచీ ఎత్తుకుని పరుగు. వాళ్ల భవిష్యత్తు నా చేతిలో బోర్లా పడి ఉండేది. ‘ఈరోజు నలుగురు. నలుగురూ రెండో కార్డు దగ్గరే వెళ్లిపోయారు’ అని డైరీలో రాసుకునేదాన్ని. కోతల కాలం మూడొంతులు ఇలాగే గడిచిపోయింది.

సంతరోజున కొండమీది గూడెం నుంచి దిసారి తాత దిగేవాడు. దిసారి అంటే గూడెంలో మంచిరోజులూ ముహూర్తాలూ చూసే పెద్దాయన. పిన్ని కొట్లో టీ తాగుతూ నా వ్యవహారమంతా ఒక కంట చూసి, ఒకరోజు పిలిచాడు.

“నీకేటి పెడతన్నారే గుంటా?”

“ఏమీ లేదు తాతా. చివర్లో అడుగుదామనుకుంటాను. ఈలోగా వెళ్లిపోతారు.”

ఆయన టీ పొలమారేంతగా నవ్వాడు. “సివర్నా! నాను మొదట్నే బియ్యం పోయించుకుంటాను. పోసినోడు కదల్డు, తన బియ్యం అక్కడున్నాయి మరి. నాకూ బయమే, ఆళ్ల బియ్యం తిని అబద్దం సెప్పకూడదు కదా.” అంటూ గ్లాసు బోర్లించి వెళ్లిపోయాడు.

తర్వాతి సంత నాటికి కోతలు ముగిసే వారం వచ్చేసింది. ఆ ఉదయం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నర్సీపట్నం జీపులో డ్రైవరు పక్కన కూర్చున్నారు. మావయ్యతో నా సంగతి ఖాయం చేసి రావడానికి. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు కానీ, చొక్కా కాలరు వెనక మడత సరిగా లేదని మాత్రం కనపడింది.

అప్పుడొచ్చింది అడ్డపొగ మామ్మ. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నోరు కూడా ఆ నిప్పులాంటిదే. అదే జీపులో నర్సీపట్నం పోవాలి. నా ఎదుట కూలబడి, “సూడే. మా కోడలు పుట్టింటికి పోయి రెండు నెల్లయిపోనాది. వత్తాదా, రాదా?” అంది.

కార్డుల కట్ట గుండెకి హత్తుకుని, కళ్లు మూసుకుని అనేశాను. “ఇరవై రూపాయలు మామ్మా. ముందు.”

కొట్లో గ్లాసులు కడుగుతున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది. మామ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “ఓలమ్మో, దీనికి మాటలొచ్చాయే!” అంటూ బొడ్లోంచి మడత నోటు తీసి బెంచీ మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద టీ గ్లాసు పెట్టింది.

మొదటి కార్డులో రాణి కత్తి పట్టుకుని కూర్చుంది. రెండోది మన గబ్బిలం మనిషి. మూడోది తీయబోతుండగా, “నిండిపోనాది! ఎవలే మామ్మా, ఎక్కు బేగి!” అని డ్రైవరు హారను మోగించాడు. నేను అలవాటుగా కార్డులు సర్దబోయాను.

“ఉండ్రా!” అని మామ్మ అరిచిన అరుపుకి జీపు మీద కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. “డబ్బులెట్టి కూకున్నాను. నువ్వెలిపోతే ఎలిపో, నాను ఈ ముక్క సూడకుండా లెగను.”

ఒక్క సీటు ఖాళీతో జీపు కదలడమా? డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇరుక్కున్నవాళ్లు ఒక్కొక్కరే దిగి మా చుట్టూ మూగారు. నాన్న దిగలేదు కానీ, తల మాత్రం బయట పెట్టారు.

మూడో కార్డు తిరగేశాను. నేను గీసిన సూర్యుడు. (ప్రమాణం చేసి చెప్తున్నాను, ఈసారి దానంతటదే వచ్చింది.)

“ఏటిది, పెనం మీద అట్టా?”

“సూర్యుడు మామ్మా.”

“మాడిపోనాడు.”

అందరూ నవ్వారు. మామూలుగా అయితే నేను ‘శుభం, కోడలు వచ్చేస్తుంది’ అని చెప్పి బతికిపోయేదాన్ని. కానీ గ్లాసు కింద ఇరవై రూపాయలు నా వైపే చూస్తున్నాయి. దిసారి తాత అన్న భయం ఏమిటో అప్పుడు తెలిసింది. “మామ్మా, కత్తి నీ చేతిలోనే ఉంది. నువ్వే ఏదో అన్నావు. ఆ అమ్మాయి అటూ ఇటూ కాకుండా వేలాడుతోంది. తనంతట తను రాదు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా నువ్వే వెళ్లి పిలవాలి.”

మామ్మ నోట్లోంచి చుట్ట బయటికి తీసింది. అలా తీసినప్పుడు ఎవరికో మూడిందని ఊరంతా అనుకుంటారు. చాలాసేపు ఆ అట్టులాంటి సూర్యుణ్ణే చూసి, “డబ్బులిచ్చి మరీ తిట్టించుకున్నాను. ఊరికే అయితే నన్ను పొగుడుదువు. అయితే ఇది నిజమే అయ్యుంటాది” అని లేచి, జీపెక్కి, “లంబసింగి కాడ దించెయ్ రా. కోడలి ఊరు అక్కడే” అంది.

ఒక్క సీటు తప్ప జీపంతా నిండి కూడా నాకోసం ఆగిన రోజు అది. ఆ రోజు డైరీలో ఎంత రాయాలో తెలియక తేదీ ఒక్కటి వేసి వదిలేశాను.

నాన్న సాయంత్రం తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, ఎవరితోనో అన్నట్టు అన్నారు. “ఆవిడ లంబసింగిలో దిగిపోయింది.” మళ్లీ తనే, “మీ మావయ్యకి చెప్పేశాను. మా అమ్మాయికి ఇక్కడ పనుంది, ఖాళీ లేదని.” ఆ తర్వాత జేబులోంచి ఇరవై రూపాయలు తీసి బల్ల మీద పెట్టి, దాని మీద కాఫీ గ్లాసు పెట్టి, నా ఎదుట కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

ఇప్పుడు నా గదిలో ఫ్యాను ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి, వచ్చినవాళ్లు తొందరేమీ లేకుండా పది కార్డులూ చూసి వెళ్తారు. రుసుము మాత్రం ముందే తీసుకుంటాను. నోటు మీద గాజుగ్లాసు పెడతాను, ఎందుకని ఎవరైనా అడిగితే ఫ్యాను గాలికి అని చెప్తాను. మూడో కార్డు దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. కింద రోడ్డు మీద ఏ బండి హారను మోగినా, అద్దం ముందు వందసార్లు మాట నేర్చుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, ‘ఉండ్రా!’ అని మనసులోనే అరిచి, కార్డు తిరగేస్తాను.