నన్ను ఎక్కించుకోని బస్సు

మా కండక్టరు మామ పోయాడని మొన్న పొద్దున ల్యాబులో ఉండగా ఫోనొచ్చింది. ఆత్మకూరులో, సొంత ఇంట్లో, టీ తాగి మంచం మీద ఒరిగి అలాగే వెళ్ళిపోయాడట. భార్య పక్కనే ఉందట. వినగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అమ్మయ్య". తప్పేనేమో. కానీ ఆయన్ను ఎరిగినవాళ్ళెవరూ నన్ను తిట్టరు. రెండేళ్ళ క్రితం రిటైరయ్యేదాకా ఆయనకు ఒకటే దిగులు: "ఏ మలుపు కాడో టికెట్లు కొడతా కొడతా పోతానేమో అమ్మాయ్. ఇంట్లో పోవాలని ఉండాది నాకు."

ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే పొద్దుటి బస్సు ఆయనది. ఆత్మకూరులో రక్తపరీక్షల ల్యాబులో పని కోసం, దారిలో ఉన్న మా ఊరి నుంచి నాలుగేళ్ళు అందులోనే తిరిగాను. టీచర్లు, మేస్త్రీలు, బట్టల షాపు అమ్మాయిలు, ఎవరు ఎక్కడ దిగుతారో అడక్కుండానే టికెట్ కొట్టేవాడు. ఎవరైనా కనపడకపోతే బెల్లు తాడు పట్టుకుని సందు వైపు చూసేవాడు. డ్రైవరు విసుక్కుంటే, "ఉండబ్బా, జడేసుకుంటా ఉంటాది" అనేవాడు. ఆ జడ నాదే. సగం బస్సులోనే అల్లుకునేదాన్ని.

ఆయనదొక వింత సంతోషం. ఎవరికైనా ఊళ్ళోనే పని దొరికి బస్సు మానేస్తే పండగ చేసుకునేవాడు. "వరికుంటపాడు సారు ట్రాన్స్‌ఫర్ కొట్టినాడబ్బా! ఇంటి కాడినించి బడికి నడిచే పోతాడంట. ఇంకొకరు తప్పించుకున్నారు!" అని బస్సంతటికీ వినపడేలా చెప్పేవాడు.

"గిరాకీ పోతా ఉంటే నవ్వుతావేంది మామా?"

"బస్సు నిండితే ఊరు ఖాళీ అమ్మాయ్."

మా పాపకు అప్పుడు మూడేళ్ళు. నేను బయల్దేరేటప్పుడు నిద్రలో ఉండేది, తిరిగొచ్చేసరికి మళ్ళీ నిద్రలో ఉండేది. ఒకసారి పక్కింటావిడకు నన్ను చూపించి "ఆదివారం అమ్మ" అంది. ఆ మాట మామకు చెప్పుకుని బస్సులోనే ఏడ్చాను. ఆ నెలలోనే మా సందుకు దగ్గర్లో కొత్త ల్యాబు పెట్టి, ఒకరోజు నన్ను మర్నాడు పదింటికి వచ్చి పని గురించి మాట్లాడమన్నారు. నాకేమో భయం. సెలవడిగితే ఉన్న పని పోతుందేమో, ఇది దొరక్కపోతే ఏం గతి? "పోను మామా, రేపు బస్సుకే వస్తాను" అన్నాను.

మర్నాడు ఎన్నడూ లేనిది నేనే ముందొచ్చి సందు చివర నిలబడ్డాను. బస్సు రాగానే చెయ్యెత్తాను. ఫుట్‌బోర్డు మీద నిలబడి మామ నన్ను చూశాడు, నిక్షేపంగా చూశాడు. తాడు రెండుసార్లు లాగి "రైట్ రైట్!" అని అరిచాడు. బస్సు ఆగకుండా పోయింది.

వీధిలోనే నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంటికొస్తే పాప లేచి కూర్చుని, "ఈరోజు ఆదివారమా?" అంది. నాకు కోపం ఎటు పోయిందో తెలీదు. దానికి అన్నం తినిపించి, జడ మొత్తం ఇంట్లోనే వేసుకుని, పదింటికి కొత్త ల్యాబుకు వెళ్ళాను. పని ఇచ్చారు.

వారం తర్వాత బస్టాండుకు పోయి నిలదీశాను. "బుద్ధుండాదా మామా? దొరక్కపోయుంటే?"

"మర్నాడు ఆపేవాణ్ణి" అన్నాడు తాపీగా. "ఆత్మకూరులో దిగి మీ ఓనరుకు ఆ రోజే చెప్పినాను, అమ్మాయికి జ్వరమని. రెండు పనులూ పోకుండా చూసినాను కదా, ఇంకేంది?"

ఆయన చెయ్యి పట్టుకుని థ్యాంక్స్ చెప్పాను. చెప్పకుండా ఉండిపోలేదు. మొన్నటినుంచి నా మనసు నిమ్మళంగా ఉండటానికి అదొక కారణం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, సందు చివర మేం కనపడితే బస్సు ఆపకుండా చెయ్యి ఊపుతూ "రైట్ రైట్!" అనేవాడు, పాపకూ అలా అనడం నేర్పాడు. ఇప్పుడు మా పాపకు తొమ్మిదేళ్ళు. నిన్న పొద్దున ఇద్దరం పాలకు వెళ్తుంటే సందు చివర అదే బస్సు ఎదురైంది. కొత్త కండక్టరు మమ్మల్ని చూసి, ఎక్కేవాళ్ళమనుకుని తాడు లాగాడు. బస్సు నెమ్మదించింది. పాప పాల గిన్నె నా చేతికిచ్చి, మామ నేర్పినట్టే చెయ్యి ఊపి, "రైట్ రైట్!" అని గట్టిగా అరిచింది. బస్సు మమ్మల్ని అక్కడే వదిలేసి ఆత్మకూరు వైపు వెళ్ళిపోయింది.